బాజీగర్ చూసినోళ్లు ఏమంటున్నారు? తరచుగా అడిగే ప్రశ్నలు

1993 నవంబరులో విడుదలైన హిందీ సినిమా ఇది. ఇన్నేళ్ల తర్వాత కూడా హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో నాకు తెలిసిన ఇళ్లలో దీని పేరెత్తితే చాలు, ఛాయ్ చల్లారిపోయేదాకా వాదన నడుస్తుంది. అన్నదమ్ములు కూడా ఒక్క మాట మీదికి రారు. మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలను ఒకచోట పెట్టి, ఎవరెవరు ఏమంటారో, నాకేమనిపిస్తుందో రాశాను. చివరి సీను దాకా కథంతా ఇందులో ఉంది. సినిమా చూడనివాళ్లు చూసి వచ్చి చదివితే మేలు.

కథ ఏంటి? గుర్తు లేదు, ఒకసారి చెప్పండి.

మదన్ చోప్రా అనే పెద్ద వ్యాపారి. అతనికి ఇద్దరు కూతుళ్లు, సీమ, ప్రియ. అజయ్ శర్మ అనే కుర్రాడు సీమతో రహస్యంగా ప్రేమ నడుపుతూనే, విక్కీ మల్హోత్రా అనే దొంగ పేరుతో ప్రియకు దగ్గరవుతాడు. పెళ్లి చేసుకుందామని సీమను రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకెళ్లి, ఆ బిల్డింగు మీది నుంచి తోసేస్తాడు. అడ్డం వచ్చిన మరో ఇద్దరిని కూడా చంపుతాడు. చోప్రా నమ్మకం సంపాదించి, పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుని, అతని కంపెనీని చేతుల్లోకి తీసుకుంటాడు. ఒకప్పుడు అజయ్ తండ్రి కంపెనీని చోప్రా ఇదే పద్ధతిలో కాజేశాడు. ఆ దెబ్బకు తండ్రి, పసికందు చెల్లెలు చనిపోయారు, తల్లి మతి తప్పింది. అదీ పగ. చివరికి చోప్రా, అజయ్ ఇద్దరూ చస్తారు.

అజయ్‌గా షారుఖ్ ఖాన్, ప్రియగా కాజోల్, సీమగా శిల్పా శెట్టి, చోప్రాగా దలీప్ తాహిల్, తల్లిగా రాఖీ. శిల్పకు ఇదే మొదటి సినిమా. కాజోల్‌కు రెండోది. డైరెక్టర్లు అబ్బాస్, మస్తాన్ అనే అన్నదమ్ములు.

మేడ మీది సీను గురించి ఇప్పటికీ ఎందుకంత గొడవ?

ఎందుకంటే ఆ సీను వచ్చేదాకా మనం అతని పక్షాన ఉంటాం. నవ్విస్తాడు, పాట పాడతాడు, ఇంట్లో పెళ్లి సంబంధం చూస్తున్నారని ఏడుస్తున్న పిల్లకు ధైర్యం చెప్తాడు. రిజిస్ట్రార్ ఆఫీసు లంచ్ టైములో మూసి ఉందని పైకి తీసుకెళ్తాడు. పిట్టగోడ మీద కూర్చోబెడతాడు. ఇంకేముంది, ఇక్కడొక ముద్దో ముచ్చటో ఉంటుందని మనం అనుకునేలోపే అయిపోతుంది.

ఆ రోజుల్లో హాల్లో చూసినవాళ్లు ఈ సీను గురించి చెప్పేది దాదాపు ఒక్కటే. ఎవరూ అరవలేదు, ఈల వేయలేదు. పక్కన కూర్చున్నవాళ్ల ముఖం చూశారు, ఇది కలేమో, ఇప్పుడు సీమ లేచి వస్తుందేమో అని. రైల్వేలో పనిచేసి రిటైరైన కాజీపేట పెద్దాయన ఒకరు, "హీరో అనుకున్నోడు గట్ల చేస్తే నా టికెట్ పైసలు నన్నే తిట్టినట్టు అనిపించింది" అన్నారు. ఆయన మళ్లీ చూడలేదు. ఆయన భార్య మాత్రం టీవీలో ఎప్పుడొచ్చినా చూస్తుంది. ఆమె లెక్క వేరు: "మగోడు తియ్యగ మాట్లాడితే నమ్మొద్దని మా అమ్మ చెప్పింది, ఆ సినిమా చూపించింది."

నా మట్టుకు సినిమా బలమంతా అక్కడే ఉంది. పగ కథలు మనకు కొత్త కాదు. అయితే మన దగ్గర ముందు అన్యాయం చూపిస్తారు, తండ్రి చావు, తల్లి ఏడుపు, పిల్లాడి పిడికిలి. ఆ తర్వాత హీరో ఎంతమందిని నరికినా మనం లెక్కపెట్టం, ఎందుకంటే బాకీ ముందే చూశాం. ఇక్కడ మొదట్లో కష్టాల్లో ఉన్న పిల్లాణ్ణి, జబ్బు తల్లిని చూపిస్తారు గాని, చోప్రా ఏం చేశాడన్న అసలు సంగతి సెకండాఫ్ చివరిదాకా దాచిపెడతారు. హత్య ముందు, కారణం వెనక. ఈ వరస వల్లే చూసినవాళ్లు రెండు ముక్కలయ్యారు. కారణం తెలిశాక మెత్తబడినవాళ్లు ఒకవైపు. కారణం తెలిసినా "అయితే?" అని అడిగినవాళ్లు ఒకవైపు.

సీమ ఏం తప్పు చేసింది?

ఏమీ చెయ్యలేదు. ఈ ప్రశ్న ఆడవాళ్లే ఎక్కువగా అడుగుతారు, అదీ కోపంగా. "గా పిల్ల చేసిన పాపమేంది? అయ్య చేసిండు, అయ్యను చంపు" అని మట్టెవాడలో ఒక చిన్నమ్మ నన్ను నిలదీసింది, కథ నేనే రాసినట్టు.

దీనికి అజయ్ పక్షం వాళ్లు చెప్పే జవాబు ఒకటుంది. చోప్రాను చంపితే ఒక్క క్షణంలో పోతాడు. అతను అజయ్ కుటుంబాన్ని పోగొట్టాడు కాబట్టి అతని కుటుంబం పోవాలి, అతని ఆస్తి పోవాలి, అప్పుడే లెక్క సరి. పగ తర్కంగా ఇది నిలుస్తుంది. మనిషి తర్కంగా నిలవదు. సినిమా కూడా దాన్ని గట్టిగా సమర్థించదు. సీమను చంపినందుకు అజయ్‌కు ఎక్కడా సంతోషం కనబడదు.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇంకొకటి. అందరూ సీమ గురించే వాదిస్తారు. రవి ఎవరికీ యాదికి రాడు, అంజలి కూడా రాదు. రవి సీమతో పాటు చదువుకున్నవాడు. ఆమె చావు మీద అనుమానం తీరే ఆధారం అతని దగ్గర దొరుకుతుంది, అంతే, ఉరికి వేలాడతాడు. సీమ స్నేహితురాలు అంజలి పాత ఫోటో ఒకటి చూసి ఫోన్ చేస్తుంది, శవమై సూట్‌కేసులోకి వెళ్తుంది. వీళ్లకు చోప్రాతో చుట్టరికం లేదు, శర్మ కుటుంబానికి వీళ్లు చేసిన కీడు లేదు. అంటే అజయ్ పథకం వేసి చంపిన ముగ్గురిలో ఒక్కరు కూడా అతనికి అపకారం చేసినవాళ్లు కారు. "తండ్రి కోసం చేశాడు" అనేవాళ్లు ఈ ఇద్దరి దగ్గరికి వచ్చేసరికి మాట మారుస్తారు. మీరూ అడిగి చూడండి.

అయితే అతను హీరోనా, విలనా?

ఇంటర్వెల్ దాకా విలన్, చివరి పావుగంట హీరో అనేది ఎక్కువమంది మాట. తల్లి ఒడిలో చచ్చిపోయేటప్పుడు హాల్లో ఏడ్చినవాళ్లున్నారు. అదే మనుషులు మేడ మీది సీనులో లోలోపల తిట్టుకున్నారు. మనసు అట్లా రెండు పనులూ చేస్తుంది, అందులో తప్పు పట్టడానికి లేదు.

అదే ఏడాది డిసెంబరులో యశ్ చోప్రా తీసిన డర్ వచ్చింది. దాంట్లోనూ షారుఖ్‌ది ప్రేమ పేరుతో వెంటబడి వేధించే పాత్రే. రెండూ చూసినవాళ్లు పోల్చేటప్పుడు ఒక తేడా చెప్తారు. డర్‌లో అతను పిచ్చివాడని మొదటి నుంచీ తెలుసు, కాబట్టి భయపడితే సరిపోతుంది. బాజీగర్‌లో అజయ్‌కి పిచ్చి లేదు, చల్లగా లెక్క వేసుకుని చంపుతాడు. నాకు ఈ రెండోదే ఎక్కువ భయం. మద్రాసు కార్ రేసులో చోప్రా మీద కావాలని ఓడిపోతాడు చూడండి, ముసలాయన అహంకారాన్ని గెలిపించి కూతురి మనసులోకి దూరతాడు. ఓడి గెలిచేవాడే బాజీగర్ అన్న డైలాగు అక్కడిదే. ఆటోల వెనక, కాలేజీ ఫేర్‌వెల్ ఉపన్యాసాల్లో దాన్ని స్ఫూర్తిగా వాడుకునేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది. ఆ మాట అన్నవాడు అప్పుడు ఏం పథకంలో ఉన్నాడో ఒక్కసారి గుర్తు చేసుకోవాలి.

ఆ ఏడాదికి షారుఖ్‌కు మొదటి ఫిలింఫేర్ ఉత్తమ నటుడి అవార్డు ఈ పాత్రకే వచ్చింది.

ఫ్లాష్‌బ్యాక్ చూశాక కోపం తగ్గిందా?

సగం మందికి తగ్గింది. కారణం రాఖీ. మతి లేని తల్లి కళ్లలోకి చూసి కూడా కొడుకును తిట్టడం కష్టం. మన ప్రేక్షకుడికి తల్లిని చూపిస్తే చాలు, కోర్టు, చట్టం అన్నీ వెనక్కి పోతాయి. దర్శకులకు ఆ సంగతి తెలుసు, బాగా వాడుకున్నారు. కొంచెం ఎక్కువే వాడుకున్నారని నాకనిపిస్తుంది.

ప్రియకు ఇంతసేపటిదాకా అర్థం కాకపోవడమేంటి?

ఇది అన్యాయమైన ప్రశ్న. అక్కది ఆత్మహత్య కాదని మొదటి నుంచీ గట్టిగా అన్నది ప్రియ ఒక్కతే. తండ్రి ఊరుకున్నాడు, పోలీసులు ఫైలు మూశారు. తన కాలేజీ మిత్రుడైన ఇన్‌స్పెక్టర్‌తో కలిసి కేసు లాగింది ఆమె. పక్కన ఉన్న మనిషి మీద అనుమానం రాలేదంతే. అజయ్ ఎవరి పేరు వాడుకున్నాడో ఆ నిజమైన విక్కీ మల్హోత్రా ఎదురుపడ్డాక ఆగలేదు కూడా, నేరుగా అజయ్ ఇంటికే వెళ్లింది.

కాజోల్ గురించి మాత్రం గొడవ లేదు. నచ్చలేదన్నవాళ్లు నాకు తగల్లేదు.

రిజిస్టర్ పెళ్లి నిజంగా అట్లా అవుతుందా? పోలీసులకు దొరకడా?

ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం. ఎందుకంటే దీన్ని లేవదీసింది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు కూర్చుని దస్తావేజులు రాసే ఒకన్న. సినిమాలో సీమ, అజయ్ ఇద్దరే వెళ్తారు, ఆ రోజే పెళ్లి అయిపోతుందన్నట్టు. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్, 1954 ప్రకారం అట్లా కుదరదు. ముందు నోటీసు ఇవ్వాలి, 30 రోజులు ఆగాలి, పెళ్లి రోజున ముగ్గురు సాక్షులుండాలి. హిందూ వివాహ చట్టం కింద అయితే పెళ్లి తంతు అయ్యాకే రిజిస్ట్రేషన్. సాక్షులు లేకుండా చేతులూపుకుంటూ పోతే "లంచ్ టైమ్ అయ్యాక కూడా పని కాదు" అన్నాడు ఆ అన్న.

దానికన్నా గట్టి పాయింటు ఇంకోటి చెప్పాడు. నోటీసు ఇచ్చి ఉంటే దాన్ని ఆఫీసులో అందరికీ కనబడే చోట అంటిస్తారు. అమ్మాయి పేరు, అబ్బాయి పేరు, అడ్రసులు. ఆ బిల్డింగు మీది నుంచి పడి చచ్చిపోయిన పిల్ల పేరు అదే బిల్డింగులో గోడ మీద ఉంటే, ఏ కానిస్టేబుల్‌కైనా సాయంత్రానికి అబ్బాయి ఎవరో తెలిసిపోతుంది.

ఇది లోపమని అతని తీర్పు. నేను ఒప్పుకోను. అజయ్‌కు పెళ్లి చేసుకునే ఉద్దేశమే లేదు, కాబట్టి నోటీసు ఇవ్వలేదు. చట్టం తెలియని, ప్రేమలో ఉన్న పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల పిల్లకు "ఇయ్యాల్నే అయిపోతది" అంటే నమ్ముతుంది. ఇప్పటికీ నమ్మే పిల్లలున్నారు. ఆ సీనుకు ఇది లోపం కాదు, ఉరి బిగించే ముడి.

చావుకు ముందు సీమతో రాయించుకున్న ఉత్తరం సంగతి వేరు. ఇద్దరం కలిసి చచ్చిపోదామని నమ్మించి రాయిస్తాడు, రాశాక నీ ప్రేమను పరీక్షించానని నవ్వేస్తాడు. తెలివైన ఎత్తే. అయితే ఆ పిల్ల ఆ కాగితం వెనక్కి అడిగి చింపెయ్యదా? ఇక్కడ నేను సినిమాను వెనకేసుకు రాలేను.

పవర్ ఆఫ్ అటార్నీతో కంపెనీ మొత్తం రాయించుకోవచ్చా?

మన వైపు ప్లాట్లు కొన్నవాళ్లకు, అమ్మినవాళ్లకు జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) అంటే ఏంటో వేరే చెప్పనక్కర్లేదు. అందుకే ఈ సీను దగ్గర నవ్వేవాళ్లు ఇక్కడ ఎక్కువ. జీపీఏ ఉన్నవాడు యజమాని తరఫున పనిచేసే ఏజెంటు మాత్రమే. యజమాని ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు, చాలా సందర్భాల్లో. ఏజెంటు యజమాని సొత్తును గుట్టుచప్పుడు కాకుండా తన పేరుకు మార్చుకుంటే కోర్టులో నిలవదు. జీపీఏ ఒక్కదానితో స్థిరాస్తి హక్కు మారదని 2011లో సుప్రీంకోర్టు కూడా తేల్చి చెప్పింది. అజయ్ బోర్డు మార్చి "శర్మ" అని పెట్టించేసరికి చోప్రా కూలిపోతాడు గాని, బుద్ధి ఉన్నవాడైతే నేరుగా లాయరు దగ్గరికి పోయేవాడు.

అయినా చూసేవాళ్లు ఆ క్షణంలో చప్పట్లు కొట్టారు. తన తండ్రిని చోప్రా ఏ కాగితంతో ముంచాడో అదే కాగితంతో చోప్రాను ముంచడం, అదీ మజా. చంపినప్పుడు రాని చప్పట్లు సంతకం దగ్గర వచ్చాయి. నా లెక్కలో పగ న్యాయంగా కనబడే చోటు సినిమా మొత్తంలో ఇదొక్కటే. ఎవరినీ చంపకుండా ఇదొక్కటే చేసి ఉంటే ఎవరూ అతన్ని తప్పుపట్టేవాళ్లు కాదు.

ఇది ఇంగ్లీషు సినిమా కాపీ అంటారు, నిజమేనా?

ఐరా లెవిన్ 1953లో రాసిన ఎ కిస్ బిఫోర్ డైయింగ్ నవలే మూలం. దాన్ని హాలీవుడ్‌లో 1956లో ఒకసారి, 1991లో ఒకసారి తీశారు. ప్రేమికురాలిని పెళ్లి రిజిస్ట్రేషన్ పేరుతో తీసుకెళ్లి మేడ మీది నుంచి తోసెయ్యడం, ముందే ఉత్తరం రాయించుకోవడం, తర్వాత ఆమె అక్కచెల్లెళ్ల వెంట పడటం, ఇవన్నీ అక్కడివే.

నవలలో హంతకుడికి పగ లేదు. డబ్బున్న ఇంటికి అల్లుడు కావాలన్న ఆశ మాత్రమే. కడుపుతో ఉన్న పిల్ల ఆ ఆశకు అడ్డమైంది, తోసేశాడు. తండ్రికి జరిగిన అన్యాయం, మతి లేని తల్లి, కంపెనీ బోర్డు ఇవన్నీ బొంబాయిలో కలిపినవి. కలపకపోతే మన జనం ఆ మనిషిని మూడు గంటలు భరించేవాళ్లు కాదు. కాపీ అని కొట్టిపారేసేవాళ్లు ఈ తేడా చూడరు. గొప్ప సృష్టి అనేవాళ్లు ఆ మేడ ఎక్కడిదో చెప్పరు. మరి స్క్రీన్‌ప్లేకు ఫిలింఫేర్ ఇచ్చారు కదా అంటే, ఇచ్చారు, నిజమే.

పాటలు?

పాటల వల్లే సినిమాకు వెళ్లామని చెప్పేవాళ్లు నాకు ఎక్కువగా తగిలారు. ఖాళీ క్యాసెట్ కొని, పాటల చిట్టీ రాసిచ్చి దుకాణంలో నింపించుకునే కాలం అది. అను మలిక్ సంగీతానికీ, "యే కాలీ కాలీ ఆంఖే" పాడిన కుమార్ సానుకూ ఫిలింఫేర్‌లు వచ్చాయి. టైటిల్ పాట ఇప్పటికీ పెళ్లి బ్యాండుల్లో వినిపిస్తుంది, పెళ్లికొడుకును హంతకుడితో పోల్చామని ఎవరికీ పట్టదు.

జానీ లీవర్ కామెడీ అవసరమా?

లేదు. కానీ నవ్వాను. ఆయన తెలుగువాడే, ప్రకాశం జిల్లా మూలాలున్నవాడు.

హిందీ రాకపోతే అర్థమవుతుందా?

మన దగ్గర ఆ బాధ తక్కువ. ఉర్దూ ఇక్కడ ఒకప్పుడు సర్కారు భాష, బజారులో ఇప్పటికీ సగం మాటలు దానివే. కాజీపేట రైల్వే క్వార్టర్లు, రామగుండం ఎన్టీపీసీ కాలనీ, దేశం నలుమూలల పిల్లలు చదివే ఇక్కడి నిట్, ఇవన్నీ హిందీ సినిమాకు ముందు నుంచీ ఆదరణ ఉన్న చోట్లే. అయినా భాష అడ్డమనుకుంటే, ఇదే కథను 1995లో రాజశేఖర్ హీరోగా వేటగాడు పేరుతో తెలుగులో తీశారు. ఎన్టీఆర్ పాత వేటగాడుతో కలిపేసుకోకండి. రెండూ చూసినవాళ్లలో ఎక్కువమంది హిందీదానికే ఓటేస్తారు. రాజశేఖర్ అంటే మనకు అప్పటికే కోపిష్టి మనిషి, అతను చంపితే ఉలిక్కిపడం. షారుఖ్‌ను ఫౌజీ సీరియల్‌లో నవ్వే కుర్రాడిగా చూసి ఉన్నారు జనం.

ఇప్పటి పిల్లలు ఏమంటున్నారు?

కాలేజీ అమ్మాయిలకు అతని మీద జాలి లేదు. అక్కకు ఒక పేరు, చెల్లెకు ఒక పేరు చెప్పినప్పుడే "రెడ్ ఫ్లాగ్" అనేశారు మా ఇంటికి వచ్చిన పిల్లలు. తల్లి సీనులోనూ కరగలేదు. సీమ తన ప్రేమను ఇంట్లో గాని, ఒక్క స్నేహితురాలికి గాని చెప్పి ఉంటే బతికేది కదా అని ఒక పిల్ల అడిగింది. ఆ ఇంట్లో తండ్రికి ఎదురు చెప్పే వాతావరణం లేదు, అందుకే ఆమె చెప్పలేదు, అందుకే అజయ్ పని సులువైంది. కూతురి చావులో చోప్రా వాటా అక్కడ ఉందని సినిమా ఎక్కడా అనదు, చూపిస్తుంది మాత్రం.

అబ్బాయిలు రెండు రకాలు. కొందరికి ఇది ఫోన్‌లో చూసే ముప్పై సెకన్ల డైలాగు ముక్క, అంతే. మొత్తం సినిమా చూసినవాళ్లు కాస్త తగ్గి మాట్లాడతారు.

క్లైమాక్స్ మరీ ఎక్కువైందా?

అయింది. కడుపులో దిగిన ఇనుప కడ్డీతో అంతసేపు కొట్లాట నాకు సాగదీతే. 1993లో హంతకుడు బతికి బయటపడే ముగింపును జనం ఒప్పుకునేవాళ్లు కాదు, కాబట్టి అతను చావాలి. హీరో కాబట్టి శత్రువును చంపి చావాలి. తల్లి ఉంది కాబట్టి ఒడిలో చావాలి. మూడూ ఒక్కచోట కుదిర్చారు.

చిన్నపిల్లలతో కలిసి చూడొచ్చా?

పదేళ్లలోపు పిల్లలైతే వద్దు. నెత్తురు కన్నా, నమ్మిన మనిషే తోసెయ్యడం వాళ్లను ఎక్కువగా భయపెడుతుంది. పెద్ద పిల్లలతో అయితే చూడండి, మధ్యలో లేచి వంటింట్లోకి పోకుండా. దాదాపు మూడు గంటలు పడుతుంది.

ఇది నచ్చితే తర్వాత ఏం చూడాలి?

అదే అన్నదమ్ములు 1998లో తీసిన సోల్జర్. అక్కడా శత్రువు కూతురితో ప్రేమే, తండ్రి పగే, తల్లి కన్నీళ్లే. కానీ అక్కడ ఏ సీమా మేడ మీది నుంచి పడదు, హీరో చేతికి మచ్చ అంటకుండా జాగ్రత్తపడ్డారు. వసూళ్లు బాగా వచ్చాయి, వాదనలు మాత్రం ఎక్కడా వినలేదు.